అడుగున బెల్లం, పైన డికాక్షను: జకార్తా కుర్రకారు తాగే ‘ఎస్ కోపి సుసు’

జకార్తాలో ‘ఎస్ కోపి సుసు గులా ఆరెన్’ అని అడిగితే చేతికి వచ్చేది ఒక ప్లాస్టిక్ గ్లాసు. అడుగున వేలెడు మందాన నల్లటి బెల్లం పాకం, దాని మీద మంచు ముక్కలు, వాటి సందుల్లో పాలు, అన్నిటికీ పైన చిక్కటి డికాక్షను ఉంటాయి. ఆ డికాక్షను పాలలోకి చారలు చారలుగా దిగుతుండగానే ఫొటో తీసుకోవాలన్నది అక్కడి కుర్రకారు ఆచారం, ఎందుకంటే ఒక్కసారి స్ట్రాతో కలిపేశాక చూడటానికి అందులో ఏమీ మిగలదు. ఎస్ అంటే మంచు, సుసు అంటే పాలు, గులా అన్నది సంస్కృతంలోని గుడం, ఆరెన్ ఆ బెల్లమిచ్చే చెట్టు పేరు. కోపి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఉద్యోగరీత్యా దక్షిణ జకార్తాలో గడిపిన ఐదు నెలల్లో ఈ పానీయాన్ని రోడ్డు పక్క సైకిలు దగ్గర నుంచి ఏసీ మాలు దాకా అన్ని అంతస్తుల్లోనూ తాగాను. నేను తాగిన చోట్ల గ్లాసు ధర 18 వేల నుంచి 30 వేల రూపియా వరకు ఉంది; మన లెక్కలో సుమారు వంద నుంచి నూట అరవై రూపాయలు.

నా తీర్పు ముందే చెబుతాను. కేవలం కాఫీగా చూస్తే దీనికి ఐదుకు రెండున్నర మార్కుల కన్నా ఎక్కువ ఇవ్వలేను. ఫిల్టరు కాఫీ మరిగిన నాలుకకు ఇది కాఫీ వాసన పట్టిన చల్లటి బెల్లం పాలు, అంతే. అయితే ఇండోనేషియా కుర్రకారు ఈ గ్లాసుకు డబ్బు కట్టేది కాఫీ కోసం కాదని అర్థం కావడానికి నాకు నెల రోజులు పట్టింది. వాళ్లు కడుతున్నది కుర్చీకి అద్దె. ఆ లెక్కన చూసినప్పుడు ఇదే గ్లాసు ఆ నగరంలో దొరికే అతి చవకైన సదుపాయాల్లో ఒకటి. కుర్చీ లేకుండా అమ్మే చోట మళ్లీ మామూలు బెల్లం పాలయిపోతుంది.

మొదట బెల్లం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ పానీయంలో నిజంగా గొప్పదేమైనా ఉంటే అది బెల్లమే. ఆరెన్ చెట్టు మన మన్యంలో కల్లిచ్చే జీలుగ చెట్టుకు దగ్గరి చుట్టం. దాని పూగెలను కోసి, కారే తీపి నీటిని పట్టి, పెద్ద మూకుడులో గంటల తరబడి కాచి, అచ్చుల్లో పోస్తారు. ఆ తీపి నీటిని వాళ్లు ‘నిరా’ అంటారు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో తెరిచిన నీరా కేఫ్‌కు వెళ్లినవారికి ఈ మాట విడమరిచి చెప్పనవసరం లేదు. పులిస్తే కల్లు, కాస్తే బెల్లం అన్న సూత్రం అక్కడా ఇదే. పశ్చిమ జావా, బాంతెన్ కొండప్రాంతాల్లో కట్టెల పొయ్యి మీద కాచిన గులా ఆరెన్‌లో చెరకు బెల్లంలో దొరకని ఒక పొగ వాసన, కాస్త మాడిన పంచదార రుచి, చివర్లో సన్నటి ఉప్పదనం ఉంటాయి. మన తాటిబెల్లం దీనికి దగ్గరగా వస్తుంది కానీ తాటిబెల్లం ఘాటు ముందే తగులుతుంది; ఆరెన్ ఘాటు గుటక దిగాక తెలుస్తుంది. మంచి దుకాణమా కాదా అన్నది నేను ఈ ఒక్క గుర్తుతోనే పోల్చుకునేవాణ్ణి. పాకం అచ్చుబెల్లం కరిగించి తీసినదైతే మంచు కరిగి పలచబడినా ఆ పొగ వాసన నిలుస్తుంది. డబ్బాలో వచ్చే పరిమళం కలిపిన సిరప్పు అయితే మూడో గుటకకే ఉత్త తీపి మిగులుతుంది.

కాఫీ సంగతి కొంచెం చిక్కు. జావాకు కాఫీ మొక్క వెళ్లింది మన దేశం నుంచే. డచ్చివారు 1696లో మలబారు నుంచి బతావియాకు, అంటే నేటి జకార్తాకు, తెప్పించిన మొదటి మొక్కలు వరదలో పోగా 1699లో మళ్లీ తెప్పించినవి నాటుకున్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివర ఆకుతుప్పు తెగులు అరబికా తోటలను తినేసిన తర్వాత ఆ స్థానంలోకి రోబస్టా వచ్చింది, నేటికీ ఇండోనేషియా పంటలో ఎక్కువ భాగం అదే. అచేలోని గాయో, సులవేసిలోని తొరాజా, బాలిలోని కింతామని వంటి అరబికాలకు ప్రపంచమంతా పేరున్నా, గులా ఆరెన్ గ్లాసులో వాటికి పని లేదు. అంత పాలు, అంత బెల్లం మధ్య వినిపించాలంటే గొంతు పెద్దదై ఉండాలి, అది రోబస్టాకే ఉంది. చాలా దుకాణాలు రెండింటినీ కలిపి వాడతాయి. అరబికా అని బోర్డు పెట్టి అయిదు వేల రూపియా ఎక్కువ తీసుకునే చోట ఆ తేడాను నా నాలుక ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయింది. నాతో వచ్చిన సహోద్యోగులు, ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ల జకార్తా పిల్లలు, వాళ్లూ పట్టుకోలేకపోయారు. అరబికా నిజంగా రుచి చూడాలనుకుంటే పాలు లేకుండా, వేడిగా, ‘తుబ్రుక్’ పద్ధతిలో తాగాలి. గ్లాసులో పొడి వేసి మరిగే నీళ్లు పోసి, మడ్డి అడుగుకు దిగే వరకు ఆగి, పై తేట తాగే పాత పద్ధతి అది. కుర్రకారు దాన్ని నాన్నల కాఫీ అంటారు.

ఈ పానీయానికి ఇప్పుడున్న రూపం దేశమంతా పాకడంలో ఒక చిన్న దుకాణం పాత్ర అందరూ ఒప్పుకునేదే. దక్షిణ జకార్తాలోని చిపెతె పేటలో 2015లో ఆందాను ప్రసెత్యో అనే యువకుడు ‘తోకో కోపి తుకు’ తెరిచాడు. జావా భాషలో తుకు అంటే కొనడం. అక్కడి ప్రధాన పానీయం పేరు ‘ఎస్ కోపి సుసు తెతాంగా’, అంటే పొరుగింటివారి చల్లటి పాలకాఫీ. పేరులోనే దాని ఆలోచన మొత్తం ఉంది: విదేశీ కాఫీ గొలుసు దుకాణాల ధరలు భరించలేని పేటవాసి రోజూ తాగగలిగే కాఫీ. అప్పటి అధ్యక్షుడు జోకో విదోదో 2017లో కుటుంబంతో అక్కడికి వెళ్లి గ్లాసులు కొనుక్కున్న తర్వాత ఆ పేరు దేశమంతా వినిపించింది. నేను బ్లోక్ ఎమ్ నుంచి మెట్రో ఎక్కి మూడో స్టేషనులో, చిపెతె రాయాలో దిగి వెళ్లాను. ఆ స్టేషను పేరుకు ఇప్పుడు తుకు పేరు కూడా తగిలించారు. పొరుగువారి కాఫీ అన్న దుకాణం మెట్రో స్టేషనుకు పేరు కొనుక్కునే స్థాయికి రావడం చూస్తే ముచ్చటా కలిగింది, పొరుగువాడు కాస్త దూరమైనట్టూ అనిపించింది. కాఫీ మాత్రం ఇప్పటికీ పద్ధతిగా ఉంది. తీపి ఇతరుల కన్నా ఒక మెట్టు తక్కువ, పాల చిక్కదనం ఒక మెట్టు ఎక్కువ. నేను తాగిన గొలుసు దుకాణాల గ్లాసులన్నిటిలో దీనికే మొదటి స్థానం ఇస్తాను.

ఇక కుర్చీ. ఇండోనేషియా భాషలో ‘నోంక్రోంగ్’ అన్న మాట ఉంది. మూల అర్థం గొంతుకూర్చోవడం, వాడుకలో అర్థం పనేమీ పెట్టుకోకుండా నలుగురూ ఒకచోట చేరి కాలక్షేపం చేయడం. మన పల్లెల్లో అరుగు మీద జరిగేది, హైదరాబాదు ఇరానీ హోటల్లో ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్ల మీద రెండు గంటలు గడిపినవాళ్లు చేసేది ఇదే. కానీ మన దగ్గర ఇది క్రమంగా రిటైరైనవారి వ్యవహారంగా మారుతుంటే అక్కడ యువతరానికి అదే సాయంత్రపు ప్రధాన కార్యక్రమం. ‘నోపి యూ’, అంటే కాఫీకి వెళ్దాం రా, అని వాట్సాప్‌లో ఒక మాట వచ్చిందంటే దానర్థం కాఫీ దాహం వేసిందని కాదు, ఈ సాయంత్రం ఎవరికీ ఇంటికి వెళ్లాలని లేదని.

ఇంటికి వెళ్లాలని ఎందుకు లేదో వాళ్ల గదులు చూస్తే తెలుస్తుంది. చదువుకునే పిల్లలు, ఉద్యోగంలో కొత్తగా చేరినవారు చాలామంది ‘కోస్’ అనే అద్దె గదుల్లో ఉంటారు. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గది అంటే అక్కడ మామూలు కొలత. మంచం, బీరువా పోగా నిలబడటానికి చోటుంటే అదృష్టం. కొన్ని కోసుల్లో రాత్రి పదయ్యాక గేటు మూసేస్తారు, ఆడపిల్లల గదులకు మగపిల్లలు రాకూడదన్న నియమం సరేసరి. నగరంలో కూర్చోదగిన పార్కులు తక్కువ, ఎండ మన కోస్తా ఎండకు తీసిపోదు, మధ్యాహ్నం వాన చెప్పి రాదు. జనంలో అత్యధికులు ముస్లింలు కాబట్టి బార్లు అందరూ కలిసే చోటు కాలేవు. ఆడా మగా, మతాలు, ఊళ్లు కలిసి కూర్చుని, ఇంట్లోవాళ్లు అడిగితే సంకోచం లేకుండా చెప్పగలిగే చోటు కాఫీ దుకాణమే. 2020 జనాభా లెక్కల ప్రకారం 27 కోట్ల ఇండోనేషియన్లలో జెన్ జీ తరంవారు 27.94 శాతం, వారి కన్నా పెద్దవారైన మిలీనియల్ తరంవారు 25.87 శాతం. దేశంలో సగానికి పైగా జనం ఈ రెండు తరాలవారేనన్నమాట. వాళ్లందరికీ ఎక్కడో ఒకచోట కుర్చీ కావాలి కదా.

అందుకే అక్కడి పిల్లలు దుకాణాన్ని అంచనా వేసే కొలతలు వేరు. మెనూ చూడకముందే అడిగే మొదటి ప్రశ్న ‘అదా చొలోకాన్?’, అంటే ప్లగ్గు పాయింటు ఉందా అని. రెండోది వైఫై పాస్‌వర్డు. మూడోది నమాజు గది. రుచి నాలుగో ఐదో స్థానంలో వస్తుంది. ఒక శనివారం సాయంత్రం చిపెతె దగ్గరి ఒక పేట దుకాణంలో నేను నాలుగు గంటలు కూర్చుని చుట్టూ చూశాను. శనివారం రాత్రిని వాళ్లు ‘మలామ్ మింగ్గు’, ఆదివారపు రాత్రి అంటారు, రాత్రితోనే మరుసటి రోజు మొదలవుతుందన్న లెక్కలో. నా ఎడమ పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి ‘స్క్రిప్సి’ రాస్తోంది. డిగ్రీ చివర విద్యార్థులు సమర్పించే సిద్ధాంత వ్యాసం అది, దాని చుట్టూ అక్కడ ఉన్నన్ని హాస్యాలు మన ఇంజనీరింగు బ్యాక్‌లాగుల చుట్టూ ఉన్న వాటితో సమానం. వెనక బల్ల దగ్గర ఐదుగురు అబ్బాయిలు ఒకరి మొహం ఒకరు చూడకుండా ఫోన్లు అడ్డంగా పట్టుకుని ‘మబార్’లో మునిగి ఉన్నారు. ‘మైన్ బరెంగ్’, కలిసి ఆడటం, అన్న రెండు మాటలను కుదించి చేసిన మాట మబార్, ఆడేది మొబైల్ లెజెండ్స్. 2019లో కౌలాలంపూర్‌లో జరిగిన ఆ ఆట తొలి ప్రపంచ పోటీ ఫైనల్లో రెండు జట్లూ ఇండోనేషియావే అన్న సంగతి నాకు అక్కడే, చాలా గర్వంగా, చెప్పారు. ఆ ఐదుగురూ నాలుగు గంటల్లో తాగింది ఐదు గ్లాసులు, తిన్నది ఒక పళ్లెం వేయించిన అరటికాయ ముక్కలు. ఎవరూ వచ్చి బిల్లు ముందు పెట్టలేదు, బల్ల తుడుస్తున్నట్టు నటిస్తూ లేవమని సూచించలేదు. కౌంటరు దగ్గరి అబ్బాయి మధ్యలో వచ్చి, ‘కాక్, మంచు కరిగిపోయింది, ఇంకాస్త వేయనా’ అని అడిగాడు. కాక్ అంటే అక్కా, అన్నా రెండూ. వయసు తెలియని ఎవరినైనా అలా పిలవవచ్చు. మన ‘అండి’ చేసే పని అక్కడ ఈ మాట చేస్తుంది.

మాటలను ఇలా కత్తిరించి అతికించడం వాళ్లకు ఒక వినోదం. చేయడానికి పనిలేక విసుగెత్తడం ‘గబుత్’, కదలడానికి బద్ధకం ‘మగెర్’, ప్రేమకు బానిస ‘బుచిన్’. దక్షిణ జకార్తా పిల్లలు ప్రతి వాక్యంలోనూ ‘విచ్ ఈజ్’, ‘లిటరల్లీ’ జొప్పిస్తారని మిగతా దేశం వెక్కిరిస్తుంది. మన హైటెక్ సిటీలో కూర్చుని వాళ్లను చూసి నవ్వే అర్హత నాకైతే లేదు.

కుర్చీ అద్దె అన్న నా లెక్కకు ఎదురు సాక్ష్యం కూడా నాకే ఎదురైంది. పేరు చెప్పదలచుకోని ఒక దుకాణం, సోషల్ మీడియాలో బాగా తిరుగుతున్నది, పాత బంగళాను తెల్ల సున్నంతో, పెద్ద గాజు తలుపులతో ముస్తాబు చేసి తెరిచినది. నలభై నిమిషాలు వరుసలో నిలబడ్డాక లోపలికి పిలిచారు. ఒక్కో మనిషి కనీసం 50 వేల రూపియా ఖర్చు చేయాలి, గంటన్నర దాటి కూర్చోకూడదు అన్న కాగితం బల్ల మీద నిలబెట్టి ఉంది. ప్లగ్గు పాయింట్లన్నిటికీ టేపు అంటించి ఉంది. గ్లాసు అందంగానే ఉంది, పాకంలో మాత్రం పొగ వాసన జాడ లేదు, మంచు గ్లాసులో మూడొంతులు ఆక్రమించింది. నాతో వచ్చిన అమ్మాయి రెండు ఫొటోలు తీసుకుని, ఒక గుటక తాగి, ‘ఇక పోదాం కాక్, ఇక్కడ నోంక్రోంగ్ కుదరదు’ అంది. ఇలాంటి చోట్ల ఎక్కువ రోజులు జనం నిలవరన్నది ఆ నగరం ఇదివరకే చూసిన అనుభవం. కెబాయొరాన్ బారులోని పసార్ సంతా అనే పాత బజారు పై అంతస్తులో 2014 ప్రాంతంలో కుర్రాళ్లు చిన్న చిన్న కాఫీ, రికార్డుల, తినుబండారాల దుకాణాలు తెరిచి ఒక్కసారిగా సందడి తెచ్చారు. జనం రాగానే అద్దెలు పెరిగాయి, అద్దెలు పెరగగానే కుర్రాళ్లు వెళ్లిపోయారు, వాళ్ల వెంట జనమూ వెళ్లిపోయారు.

కుర్చీని పూర్తిగా తీసేసి అమ్మే వ్యాపారం మరొకటి. కోపి కెనాంగాన్ 2017లో, జంజి జివా, ఫోరే 2018లో మొదలయ్యాయి. చాలా శాఖలు ఒక గోడకు కన్నం పెట్టినంత చిన్నవి. ఆర్డరు ఫోనులో, డబ్బు ‘క్రిస్’ అనే దేశమంతటికీ ఒకటే అయిన క్యూఆర్ పద్ధతిలో, రవాణా గోజెక్ లేదా గ్రాబ్ బైకు మీద. ఎడ్వర్డ్ తిర్తనాతా, జేమ్స్ ప్రనాంతో అనేవాళ్లు కలిసి పెట్టిన కెనాంగాన్ 2021 డిసెంబరులో వంద కోట్ల డాలర్ల విలువ దాటిన సంస్థల జాబితాలో చేరింది. 2023 చివర గాజా యుద్ధం మొదలైన తర్వాత అమెరికా బ్రాండ్లను బహిష్కరించాలన్న పిలుపు ఇండోనేషియా యువతలో బలంగా పాకడం స్థానిక కాఫీకి కలిసొచ్చింది. ఈ దుకాణాల అసలు చమత్కారం పేర్లలో ఉంది. కెనాంగాన్ అంటే జ్ఞాపకం. ఆ దుకాణంలో అన్నిటికన్నా పేరున్న గ్లాసు పేరు ‘కోపి కెనాంగాన్ మంతాన్’, విడిపోయిన ప్రియుడి లేక ప్రియురాలి జ్ఞాపకాల కాఫీ. జంజి జివా అంటే ఆత్మ ఇచ్చిన మాట. కాఫీ, సంధ్యవేళ, ఇండీ పాటలు అంటూ భావుకత ఒలకబోసే పిల్లలను అక్కడివాళ్లే ‘అనాక్ సెంజా’, సంధ్య బిడ్డలు, అని ఆటపట్టిస్తారు. ఆ వెక్కిరింతను కూడా గ్లాసు మీద ముద్రించి అమ్మగల తెలివి ఈ గొలుసులకు ఉంది. రుచి ఎక్కడ కొన్నా ఒకటే, అది వాటి బలమూ లోపమూ. మధ్యాహ్నం నాలుగింటికి ఆఫీసులో నిద్ర ఆపడానికి సరిపోతుంది. మూడు మార్కులు.

నాకు అన్నిటికన్నా నచ్చిన కాఫీ మాత్రం గులా ఆరెన్‌ది కాదు. జకార్తా ఫుట్‌పాత్‌ల మీద సైకిలు వెనక వేడినీళ్ల ఫ్లాస్కులు, ముందు తోరణాల్లా వేలాడే కాఫీ ప్యాకెట్లు కట్టుకుని తిరిగేవారిని కుర్రకారు ‘స్టార్లింగ్’ అంటారు. ‘స్టార్‌బక్స్ కెలిలింగ్’, ఊరు తిరిగే స్టార్‌బక్స్, అన్న మాటకు కురచ రూపం అది. వీళ్లలో చాలామంది మదురా ద్వీపం నుంచి వచ్చినవారు. ప్యాకెట్టు కత్తిరించి, పొడి గ్లాసులో పోసి, నీళ్లు కలిపి, మంచు వేసి, అదే ప్యాకెట్టును మడిచి దానితోనే కలియబెట్టి ఇస్తారు. అయిదారు వేల రూపియాకు గ్లాసు. తీపి దారుణం, కాఫీ నామమాత్రం. ఇది రుచి గురించి మార్కులు వేయాల్సిన సరుకు కాదు. అయితే 2022 జులైలో దుకూ అతాస్ దగ్గర జరిగినది తెలిస్తే దీని విలువ బోధపడుతుంది. దెపోక్, చితాయమ్, బొజొంగ్ గెదె వంటి శివార్ల నుంచి లోకల్ రైల్లో వచ్చిన పేదింటి పిల్లలు అద్దాల భవనాల మధ్యనున్న ఆ వీధిలో తమకున్న చవక బట్టలనే వింత వింతగా జోడించి వేసుకుని, జీబ్రా క్రాసింగు మీద ఫ్యాషన్ ప్రదర్శనలా నడిచారు. దానికి చితాయమ్ ఫ్యాషన్ వీక్ అన్న పేరు స్థిరపడింది. జకార్తాలో ఎస్‌సీబీడీ అంటే సుదిర్మన్ సెంట్రల్ బిజినెస్ డిస్ట్రిక్ట్, కోట్ల రూపియాల వ్యాపారం జరిగే ప్రాంతం. ఈ పిల్లలు దాన్ని సుదిర్మన్, చితాయమ్, బొజొంగ్ గెదె, దెపోక్ అని విడగొట్టి తమ పేరు చేసుకున్నారు. మొదటి 25 కిలోమీటర్లకు 3 వేలు, ఆపైన ప్రతి 10 కిలోమీటర్లకు వెయ్యి రూపియా చొప్పున ఉన్న రైలు చార్జీతో నగరం నడిబొడ్డుకు చేరగలిగినవారికి, అక్కడి కాఫీ దుకాణంలో కుర్చీ అద్దె కట్టే స్తోమత లేదు. ఫుట్‌పాత్ అంచు వాళ్ల కుర్చీ, స్టార్లింగు వాళ్ల కౌంటరు. కొన్ని వారాలకే ట్రాఫిక్కుకు అడ్డమంటూ అధికారులు వాళ్లను పంపించివేశారు. నేను వెళ్లేసరికి ఆ వీధిలో సైకిళ్లు మాత్రం ఉన్నాయి. ఇటీవల వీటికి పోటీగా జాగో వంటి సంస్థలు బ్యాటరీ బండ్ల మీద అసలైన గులా ఆరెన్ కాఫీని గొలుసు దుకాణాల ధరలో సగానికి దగ్గరగా తిప్పి అమ్ముతున్నాయి. రుచిలో స్టార్లింగు కన్నా ఎంతో మేలు. బండి దగ్గర నిలబడి తాగాలి, అంతే తేడా.

లోపాల్లో మొదటిది తీపి. ‘నార్మల్’ అని చెబితే మన మిఠాయి కొట్టు లెక్క అనుకోవాలి. సగం తీపి అడిగినా నా కొలతకు ఎక్కువే. పావు అని చెప్పాలి, చెప్పిన తర్వాత గ్లాసు అడుగున పాకం ఎంతుందో కళ్లతో చూసుకోవాలి. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 లెక్కల్లో ఇండోనేషియా సుమారు 1.95 కోట్ల రోగులతో ప్రపంచంలో ఐదో స్థానంలో ఉంది. రోజుకు రెండు గ్లాసులు తాగే ఇరవై ఏళ్ల పిల్లలను చూసినప్పుడల్లా ఆ అంకె గుర్తుకొచ్చేది. అంతకన్నా పెద్ద జాబితా ఉన్న దేశం నుంచి వెళ్లినవాణ్ణి కాబట్టి నోరు మూసుకున్నాను. రెండో లోపం ప్లాస్టిక్. జకార్తాలో దుకాణాలు ప్లాస్టిక్ సంచులివ్వడాన్ని 2020 జులై నుంచి నిషేధించారు. సంచి పోయింది గానీ గ్లాసు, మూత, స్ట్రా అలాగే ఉన్నాయి. అక్కడే కూర్చుని తాగేవారికి కూడా చాలాచోట్ల పారేసే గ్లాసే ఇస్తారు. సొంత సీసా తీసుకెళ్తే కొన్ని దుకాణాలు ధర కొంచెం తగ్గిస్తాయి, అడిగితేనే.

వెళ్లేవారికి నా సలహా ఇది. మొదటిసారి చిపెతెలో తాగండి. శనివారం సాయంత్రం ఆరు లోపు ఏదైనా పేట దుకాణంలో చోటు పట్టుకోండి, ఆ తర్వాత నిలబడటానికి కూడా చోటు దొరకదు. రంజాన్ నెలలో వెళ్తే పగలు అద్దాలకు తెరలు వేసి ఉంటాయి, సాయంత్రం ప్రార్థన పిలుపు వినిపించగానే ఖర్జూరాలతో పాటు ఇవే గ్లాసులు బల్లల మీదికి వస్తాయి; ‘బుక్‌బెర్’ అనే ఆ సామూహిక ఉపవాస విరమణకు పాత క్లాసుమేట్లందరూ చేరే రోజుల్లో ముందుగా చెప్పి ఉంచకపోతే కుర్చీ ఆశ వదులుకోవడమే. కాఫీ ఇష్టం లేనివారికి అదే బెల్లంతో పాలు మాత్రమే ఇస్తారు, నా మటుకు అది అసలు పానీయం కన్నా బాగుంటుంది.

తిరుగు ప్రయాణంలో రెండు కిలోల గులా ఆరెన్ అచ్చులు, దుకాణంలో వాడే పాకం సీసా ఒకటి తెచ్చుకున్నాను. ఇంట్లో అరకు కాఫీ పొడితో చిక్కటి డికాక్షను దించి, చల్లటి చిక్కటి పాలలో కలిపి, అడుగున ఈ పాకం పోసి మా అమ్మకు ఇచ్చాను. సగం తాగి, బెల్లం ఎక్కడిది అని మాత్రమే అడిగింది. అచ్చులు ఇంకా ఉన్నాయి, పొడి డబ్బాలో పెడితే నెలల తరబడి చెడవు. సీసా పాకం మాత్రం మూత తీశాక ఫ్రిజ్జులో పెట్టాలి. నేను వంటింటి గట్టు మీద వదిలేస్తే మూడో వారంలో మూత దానంతట అదే లేచి, తెల్లవారుజామున తాటితోపులో వచ్చే వాసన వచ్చింది.